నోటికి చెవి, చెవికి నోరు

ల్యాన్ కేబుల్ ఒకటి తీసుకుని రెండు కొసలూ పక్కపక్కన పెట్టి చూడండి. అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. అద్దంలాంటి చిన్న ప్లాస్టిక్ ముక్క, అందులో మెరిసే ఎనిమిది రేకులు, వాటి వెనక ఎనిమిది రంగుల తీగలు. ఏ కొసని కంప్యూటర్‌లో పెట్టినా, ఏ కొసని స్విచ్‌లో పెట్టినా టక్కుమని కూర్చుంటుంది. పక్కన పచ్చదీపం వెలుగుతుంది. అంతే, పని అయిపోయింది అనుకుంటాం.

కానీ ఆ దీపం వెలగడానికి ముందు ఒక విషయం తేలాలి. ఇవతలి పరికరం ఏ తీగ మీద మాట్లాడుతుంది, అవతలిది ఏ తీగ మీద చెవి పెడుతుంది? ఇద్దరూ ఒకే తీగ మీద మాట్లాడితే వినేవాడు ఉండడు. ఇద్దరూ ఒకే తీగ మీద వింటూ కూర్చుంటే మాట్లాడేవాడు ఉండడు. కంప్యూటర్లను తీగలతో కలిపే విద్య అంతా ఈ నోరూ చెవీ తగవు తీర్చడంలోనే ఉంది. యాభై ఏళ్లుగా ఆ తగవు ఒక్కో కాలంలో ఒక్కో తీరుగా తీరుతూ వచ్చింది.

100 మెగాబిట్ల కేబుల్‌లో ఎనిమిది తీగలున్నా పనిచేసేవి నాలుగే. కంప్యూటర్ 1, 2 తీగల మీద మాట్లాడుతుంది. 3, 6 తీగల మీద వింటుంది. స్విచ్‌కి దీన్ని తిరగేసి పెట్టారు: 1, 2 దాని చెవి, 3, 6 దాని నోరు. అందువల్ల ఈ కొసలో ఒకటో తీగ ఆ కొసలోనూ ఒకటో గాడిలోకే వెళ్లే స్ట్రెయిట్ కేబుల్ వేస్తే చాలు, కంప్యూటర్ నోరు స్విచ్ చెవికి తగులుతుంది. ప్రింటర్, కెమెరా, రౌటర్ కంప్యూటర్ పక్షమే. చిక్కల్లా ఒకే పక్షం వాళ్లిద్దర్ని కలిపినప్పుడు. ఒక స్విచ్‌లో పోర్టులు నిండిపోయి రెండోది తెచ్చి రెండింటికీ మధ్య మామూలు కేబుల్ వేస్తే నోటికి నోరు, చెవికి చెవి తగిలేవి. దీపం వెలిగేది కాదు.

నేను ఒక డిగ్రీ కాలేజీలో ల్యాబు చూసుకున్న రోజుల్లో దీనికోసం క్రాస్ కేబుళ్లు విడిగా చేసి పెట్టుకునేవాళ్లం. ఒక కొసలో ఆరెంజ్ జతనీ గ్రీన్ జతనీ ఒకదాని చోట ఒకటి పెట్టి క్రింప్ చేస్తే క్రాస్ కేబుల్. వాటికి ఎర్ర టేపు చుట్టి, స్విచ్ బాక్సు పక్కన మేకుకు తగిలించేవాళ్లం. ఆ టేపు ఊడిపోయిందంటే మళ్లీ రెండు కొసలూ వెలుతురులో పట్టుకుని రంగులు పోల్చుకోవాల్సిందే.

ఇప్పుడు కొనే స్విచ్‌లకు ఆ బెడద లేదు. 1990ల చివర్లో హ్యూలెట్ ప్యాకార్డ్ ఇంజనీర్లు పోర్టు తనంతట తానే నోరూ చెవీ మార్చుకునేలా ఒక పద్ధతి కనిపెట్టారు. దాని పేరు ఆటో ఎండీఐ-ఎక్స్. పోర్టు కాసేపు చెవి పెట్టి చూస్తుంది, అటునుంచి ఏమీ వినబడకపోతే తన జతల్ని తారుమారు చేసుకుని మళ్లీ వింటుంది. వినడానికి సులువుగానే ఉంది, కానీ ఇందులో ఒక గోతి ఉంది. అవతలి పోర్టు కూడా అదే పని చేస్తోంది కదా! ఇరుకు సందులో ఎదురుపడిన ఇద్దరు మనుషుల్ని గుర్తు తెచ్చుకోండి. దారి ఇద్దామని ఇతను కుడికి జరుగుతాడు, అతనూ అటే జరుగుతాడు. ఎడమకి వస్తే అతనూ ఎడమకే. ఇద్దరూ ఒకే తాళంలో కదులుతున్నంతసేపూ ఎవరూ ముందుకు పోలేరు. ఈ పోర్టులకు కూడా తాళం తప్పించాలి. అందుకని ప్రతి పోర్టూ సుమారు 62 మిల్లీసెకన్లకు ఒకసారి లోపల బొమ్మా బొరుసూ వేసుకున్నట్టుగా ఒక యాదృచ్ఛిక సంఖ్యని చూసి మారాలో, ఉన్నచోటే ఉండాలో తేల్చుకుంటుంది. ఇద్దరి పందెమూ ప్రతిసారీ ఒకేలా పడదు. మనం రెప్ప వేసి తీసే లోపలో, ఆ కాస్త తర్వాతో నోటికి చెవి దొరుకుతుంది.

తగవు తీర్చడానికి పందెం వేసుకోవడం ఈ విద్యలో మొదటి నుంచీ ఉన్నదే. 1973 మే 22న అమెరికాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో రాబర్ట్ మెట్‌కాఫ్ రాసిన ఒక లోపలి పత్రంతో ఈథర్నెట్ పుట్టింది. డేవిడ్ బాగ్స్‌తో కలిసి ఆయన కట్టిన ఆ నెట్‌వర్కులో స్విచ్ అనేదే లేదు. పొడవాటి కేబుల్ ఒకటే. కంప్యూటర్లన్నీ దానికే తగులుకుని ఉండేవి. ఒకరు మాట్లాడితే అందరికీ వినబడేది, ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరి మాటా చెడిపోయేది. చెడిపోయిందని తెలియగానే ఇద్దరూ నోరు మూసుకుని, ఎవరికి తోచినంతసేపు వాళ్లు ఆగి, మళ్లీ మొదలుపెట్టాలి. తోచినంతసేపు అనడంలోనే కిటుకంతా ఉంది. హవాయి దీవుల మధ్య రేడియోతో కంప్యూటర్లను కలిపిన అలోహానెట్ నుంచి మెట్‌కాఫ్ అందుకున్న ఆలోచన అది. ఆనాటి వేగం సెకనుకు 2.94 మెగాబిట్లు.

ఇక తీగల సంగతి. ఈ అధ్యాయంలో నా మనసుకు బాగా దగ్గరైన భాగం ఇదే.

కాలేజీ ల్యాబులో కొత్తగా ఇరవై కంప్యూటర్లు పెట్టినప్పుడు కేబులింగ్ పనికి ఒక కుర్రాడు వచ్చాడు. చెయ్యి తిరిగినవాడు, క్రింపింగ్ శుభ్రంగా చేశాడు. సాయంత్రానికి అన్ని దీపాలూ వెలిగాయి. మర్నాడు ప్రాక్టికల్స్ మొదలయ్యాక ఫైళ్లు కదలడం మానేశాయి. స్విచ్‌కి దగ్గరున్న కంప్యూటర్లు ఎలాగోలా నడుస్తున్నాయి. గోడ చివర ఉన్నవి ఊపిరాడనట్టు కొట్టుకుంటున్నాయి. అతన్ని పిలిపిస్తే టెస్టర్ పెట్టి చూపించాడు. "సార్, ఒకటి నుంచి ఎనిమిది దాకా వరసగా వెలుగుతున్నాయండీ. కేబుల్‌లో తప్పు లేదండీ." నిజమే, వెలుగుతున్నాయి. నేను ఒక కొస కత్తిరించి రంగులు చదివాను. ఆరెంజ్ జత, గ్రీన్ జత, బ్లూ జత, బ్రౌన్ జత, చక్కగా జత పక్కన జత. రెండు కొసల్లోనూ అదే వరస. చూపుకు అంతకంటే పద్ధతైన అమరిక ఉండదు. తప్పు ఆ పద్ధతిలోనే ఉంది.

కేబుల్ పైతొడుగు చీరితే లోపలి తీగలు రెండేసి చొప్పున మెలిపడి ఉంటాయి. తాడు పేనినట్టు వాటికి పురి పెట్టి ఉంటుంది. అది తీగలు చెదిరిపోకుండా పెట్టింది కాదు. గోడలో పక్కనే కరెంటు తీగ పోతుంటుంది, పైన ఫ్యాను తిరుగుతుంటుంది, ట్యూబులైటు చోక్ గుయ్యిమంటుంటుంది. వీటన్నిటి అలజడీ మన తీగలోకి దూరుతుంది, దాన్ని ఆపలేం. అందుకని ఒక తీగతో కాకుండా రెండింటితో మాట పంపుతారు. ఒకదాని మీద వోల్టేజి పెంచితే అదే క్షణంలో రెండోదాని మీద అంతే తగ్గిస్తారు. అవతలివాడు చూసేది రెండింటి మధ్య తేడాని మాత్రమే. తక్కెడ రెండు సిబ్బెల్లోనూ ఒకే బరువు వేస్తే ముల్లు కదలదు కదా! బయటి అలజడి రెండు తీగల మీదా సమానంగా పడితే తేడాలో అది కనబడకుండా పోతుంది. సమానంగా పడాలంటే రెండు తీగలూ అలజడికి ఒకే దూరంలో ఉండాలి. ఇది ఈ అంగుళంలో దగ్గరుంటే, వచ్చే అంగుళంలో అది దగ్గరకు రావాలి. పురి చేసే పని అదే. అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోన్ తీగల కోసం 1881లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. కేబుల్‌లోని నాలుగు జతలకూ పురి ఒకే బిగువుతో ఉండదు. ఒకదానికి గట్టిగా, ఒకదానికి వదులుగా పెడతారు. అన్నిటికీ ఒకే పురి ఉంటే పక్కపక్క జతల మెలికలు కలిసిపోయి ఒకరి మాట ఒకరికి కారుతుంది.

మళ్లీ ఆ కుర్రాడి కేబుల్ చూడండి. వినే తీగలు 3, 6 అన్నాను. అతని వరసలో మూడో గాడిలో గ్రీన్ జతలోని తీగ పడింది, ఆరో గాడిలో బ్లూ జతలోని తీగ పడింది. ఒకరితో ఒకరు మెలిపడి పెరిగిన జంటని విడదీసి, వేరే వేరే ఇళ్లవాళ్లను జంట అన్నట్టయింది. ఒకటో తీగ ఒకటో గాడికీ ఆరో తీగ ఆరో గాడికీ చేరింది కాబట్టి టెస్టర్ ఎనిమిది దీపాలూ వెలిగించింది. విద్యుత్తు తెగకుండా పోతోందా అని మాత్రమే అది అడుగుతుంది, మాట శుభ్రంగా వినబడుతోందా అని అడగదు. కొద్ది మీటర్ల కేబుల్‌లో అలజడి తట్టుకునేంత ఉంటుంది. పొడవు పెరిగేకొద్దీ మాట నీరసిస్తుంది, గోల పెరుగుతుంది.

అసలు వరస ఇది: ఆరెంజ్-వైట్, ఆరెంజ్, గ్రీన్-వైట్, బ్లూ, బ్లూ-వైట్, గ్రీన్, బ్రౌన్-వైట్, బ్రౌన్. ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ ఎక్కంలా నోటికి వచ్చేదే. గ్రీన్ జత మధ్యలో బ్లూ జత వచ్చి కూర్చోవడం కొత్తవాళ్లకు అర్థంలేనిదిగా కనిపిస్తుంది. దానికి కారణం టెలిఫోను. ఫోను లైను ఎప్పుడూ సాకెట్ నట్టనడుమ రెండు రేకుల మీద నడిచేది. ఆ 4, 5 గాడులు బ్లూ జతకు వదిలేసి, రెండో జతని దానికి అటూ ఇటూ పెట్టారు. అప్పటికే ఆఫీసు గోడల్లో ఉన్న టెలిఫోన్ వైరింగు మీద నెట్‌వర్కు నడపాలన్నది ఆనాటి కోరిక. 1990లో వచ్చిన 10 మెగాబిట్ల ప్రమాణం ఆ కోరికతోనే తయారైంది. ఇప్పుడు ఫోను లైను లేని ఇళ్లలో కూడా మన చేతి వేళ్లు ఆ పాత ఫోను కోసం గ్రీన్ జతని విడదీస్తూనే ఉన్నాయి.

క్రింప్ చేసేటప్పుడు పురి అర అంగుళం, అంటే 13 మిల్లీమీటర్ల కంటే ఎక్కువ విప్పకూడదంటారు. రెండంగుళాలు విప్పేసి, తీగల్ని దువ్విన జుట్టులా సాపు చేసి, చివరికి తొడుగు బయటే వదిలేసేవాళ్లను చాలామందిని చూశాను. ఆ రెండంగుళాల్లో తక్కెడ సమంగా ఉండదు.

గిగాబిట్ వచ్చాక ఈ జాగ్రత్తకి విలువ ఇంకా పెరిగింది. 1999లో వచ్చిన ఆ ప్రమాణంలో నాలుగు జతలూ పనిచేస్తాయి, ఒక్కో జత మీద సెకనుకు 250 మెగాబిట్లు. అంతకంటే ఆశ్చర్యం ఏమిటంటే, ప్రతి జత మీదా రెండు వైపుల నుంచీ ఒకేసారి మాట్లాడతారు. నోరూ చెవీ వేరు చేసి పెట్టాలనే పాత కట్టుబాటు అక్కడితో పోయింది. తను ఏం పలికిందో తనకు తెలుసు కాబట్టి, తీగ మీద ఉన్న మొత్తం సందడిలోంచి తన గొంతుని తీసేసి, మిగిలినది అవతలివాడి మాటగా లెక్క కట్టుకుంటుంది పోర్టు. ఆ కూడికా తీసివేతా సెకనుకు పన్నెండున్నర కోట్ల సార్లు జరుగుతుంది. బ్రౌన్ తీగ ఒక్కటి తెగితే చాలా పరికరాలు కిక్కురుమనకుండా 100 మెగాబిట్లకు దిగిపోతాయి. దీపం వెలుగుతూనే ఉంటుంది. పది రెట్లు పోగొట్టుకున్నామని ఎవరూ చెప్పరు.

కేబుల్ కొనేటప్పుడు ఒక్క మాట గుర్తుంచుకోండి. తక్కువ ధరకు వచ్చే కేబుళ్లలో అల్యూమినియం తీగకు రాగి పూత పూసినవి ఉంటాయి. కొస చాకుతో గీరితే లోపల తెల్లగా బయటపడుతుంది. అల్యూమినియానికి విద్యుత్తును మోసే శక్తి రాగిలో సుమారు అరవై శాతమే. పైగా రెండు మూడుసార్లు వంచితే పుటుక్కుమంటుంది. ఇప్పుడు సీసీ కెమెరాలకూ వైఫై డబ్బాలకూ కరెంటు కూడా ఈ కేబుల్‌లోనే పోతోంది. 2003లో ఆ పద్ధతి 15.4 వాట్లతో మొదలై, 2018 నాటికి 90 వాట్ల దాకా వచ్చింది. స్విచ్ తొందరపడి కరెంటు వదలదు. ముందు చిన్న వోల్టేజి పెట్టి అవతల 25 కిలో ఓమ్‌ల గుర్తు నిరోధకం ఉందా అని తడిమి చూస్తుంది, ఉంటేనే ఇస్తుంది. అంత బుద్ధిగా ఇచ్చిన కరెంటుని అల్యూమినియం తీగ దారిలోనే వేడిగా ఖర్చు చేస్తుంది. పగలు బాగా పనిచేసి, రాత్రి కెమెరాలో ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలగగానే ఆగిపోయి మళ్లీ మొదలయ్యే కెమెరాని ఎక్కడైనా చూస్తే ముందు కేబుల్‌ని అనుమానించండి.

రాగి కేబుల్‌కి హద్దు 100 మీటర్లు: గోడలో 90, రెండు వైపులా ప్యాచ్ కార్డులకు కలిపి 10. అంతకు మించితే ఆగిపోతుందని కాదు, నడిచినా పూచీ ఎవరూ ఇవ్వరు.

స్విచ్ లోపలికి వద్దాం. అంతకుముందున్న హబ్ ఒక పోర్టులో విన్నదాన్ని మిగతా అన్ని పోర్టుల్లోనూ అరిచేది. జిరాక్స్ వాళ్ల పొడవాటి కేబుల్‌ని చుట్టచుట్టి డబ్బాలో పెట్టినట్టు. ఎవరి మాట వారికే చేర్చే తొలి ఈథర్నెట్ స్విచ్‌ని 1990లో అమ్మకానికి తెచ్చిన కంపెనీ పేరు కల్పన. భారత సంతతికి చెందిన వినోద్ భరద్వాజ్ లారీ బ్లెయిర్‌తో కలిసి సిలికాన్ వ్యాలీలో దాన్ని స్థాపించి, తన భార్య పేరు పెట్టుకున్నాడు. ఏడు పోర్టుల డబ్బా అది. 1994లో సిస్కో ఆ కంపెనీని కొనేసింది.

ఎవరు ఏ పోర్టులో ఉన్నారో స్విచ్‌కి ఎవరూ చెప్పరు. కొత్తగా వచ్చిన పోస్ట్‌మ్యాన్‌ని ఊహించుకోండి. ఉత్తరం ఎవరికి అన్నది ఒక్కటే కాదు, ఏ వీధి డబ్బాలో పడింది, పంపినవారు ఎవరు అన్నది కూడా చూసి చిట్టాలో రాసుకుంటాడు. ఫలానావారు ఈ వీధివారన్నమాట! స్విచ్ కూడా ప్రతి ప్యాకెట్‌లోనూ పంపినవారి 48 బిట్ల చిరునామా చూసి, అది వచ్చిన పోర్టుతో జతచేసి రాసుకుంటుంది. సాధారణంగా 5 నిమిషాలు ఆ చిరునామా నుంచి ఉలుకూ పలుకూ లేకపోతే కొట్టేస్తుంది. చిట్టాలో లేనివాళ్లకి ఏదైనా వస్తే వచ్చిన పోర్టు తప్ప అన్ని పోర్టుల్లోనూ దండోరా వేస్తుంది.

ఆ దండోరాలోనే ప్రమాదం పొంచి ఉంది. రెండు ఊళ్ల మధ్య రెండు దారులు ఉన్నాయనుకోండి. ఈ ఊళ్లో వేసిన దండోరా మొదటి దారిలో ఆ ఊరికి చేరింది, వాళ్లు విని మళ్లీ వేశారు, అది రెండో దారిలో తిరిగి ఇక్కడికే వచ్చింది. కొత్త కబురనుకుని వీళ్లు మళ్లీ వేశారు. ఈథర్నెట్ ప్యాకెట్ మీద ఇన్నిసార్లే తిరగాలన్న గుర్తు ఏదీ లేదు, కనుక దానికి చావు లేదు. గిగాబిట్ పోర్టులో అతిచిన్న ప్యాకెట్లు సెకనుకు 14 లక్షల 88 వేల దాకా పడతాయి. ఒక్క దండోరా నెట్‌వర్కునంతా ముంచెయ్యడానికి రెప్పపాటు చాలు. మా కాలేజీలో ఒక సెలవు రోజున ఎవరో గది ఊడ్చి, కింద వేలాడుతున్న కేబుల్ కొసని సర్దుదామని స్విచ్‌లో ఖాళీగా ఉన్న పోర్టులో పెట్టారు. దాని రెండో కొస అప్పటికే అదే స్విచ్‌లో ఉంది. మంచి మనసుతో చేసిన పనే. సోమవారం పొద్దున ఫీజు కౌంటర్ నుంచి లైబ్రరీ దాకా ఒక్క కంప్యూటరూ పలకలేదు. స్విచ్ దీపాలన్నీ ఒకే లయలో పిచ్చిగా కొట్టుకుంటున్నాయి. అది ఒకసారి చూసినవాళ్లు మర్చిపోరు.

దీనికి మందు 1985లోనే ఉంది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ ఆ పద్ధతిని తయారుచేసింది. స్విచ్‌లన్నీ తమలో ఒకదాన్ని చెట్టుకు వేరులా ఎంచుకుని, అక్కడికి తమకున్న దగ్గరి దారిని మాత్రం తెరిచి ఉంచి, చుట్టు తిరిగే దారులన్నీ మూసేస్తాయి. మిగిలేది చెట్టు. చెట్టులో ఏ కొమ్మ నుంచి ఏ కొమ్మకైనా దారి ఒక్కటే, తిరిగి బయల్దేరిన చోటికి వచ్చే దారి లేదు. ఉన్న దారి తెగితే మూసినది తెరుస్తాయి. ఈ పద్ధతిని వివరిస్తూ ఆమె ఒక చిన్న కవిత కూడా రాసింది. పాత స్విచ్‌లలో కేబుల్ పెట్టగానే దీపం అరనిమిషం నారింజ రంగులో ఉండేది అందుకే: 15 సెకన్లు లూపు ఉందేమోనని వినడం, 15 సెకన్లు చిరునామాలు నేర్చుకోవడం. ఆ అరనిమిషం ఓర్చుకోలేక కేబుల్ పీకి మళ్లీ పెడితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

ఆ మందుకీ హద్దులున్నాయి. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో స్విచ్‌కి స్విచ్ తగిలిస్తూ పెంచుకుంటూ పోయిన నెట్‌వర్కు ఒక రోజున కుప్పకూలింది. పెర్ల్‌మన్ పద్ధతి ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఏడు మజిలీలకు మించదన్న అంచనాతో పనిచేస్తుంది. అక్కడ కొన్ని దారులు దాన్ని దాటిపోయాయి. నాలుగు రోజుల పాటు డాక్టర్లు కాగితం మీద మందులు రాశారు, చీటీలు మనుషులు మోశారు. కేబుల్ ఎక్కడి నుంచి ఎక్కడికి పోతోందో రెండు కొసలకూ చీటీ అంటించమని నేను ప్రతివారినీ బతిమాలేది ఇందుకే.

ఒక భవనం నుంచి ఇంకో భవనానికి మాత్రం రాగి వద్దు, దూరం 100 మీటర్ల లోపే అయినా సరే. రెండు భవనాల ఎర్తింగ్ మధ్య వోల్టేజి తేడా ఉంటుంది, ఆ తేడా కేబుల్ గుండా ప్రవహించాలని చూస్తుంది. ఇక మన ఊళ్లలో చైత్రవైశాఖాల్లో తాటిచెట్ల మీద పిడుగులు పడటం అందరం ఎరిగిందే. దగ్గర్లో పిడుగు పడితే చాలు, పొడవాటి రాగి తీగ దాన్ని రెండు వైపులా స్విచ్‌లలోకి మోసుకొస్తుంది. గాజుకి ఆ బాధ లేదు. మనిషి వెంట్రుకంత గాజుపోగులో, అందులోనూ 9 మైక్రాన్ల నడిమి భాగంలో వెలుగు పోతుంది. గాజుని మలినాలు లేకుండా తయారుచేయగలిగితే దూరాలకు కబురు మోస్తుందని 1966లో చెప్పిన చార్ల్స్ కావోకు 2009లో నోబెల్ వచ్చింది.

ఫైబర్‌లో నోరూ చెవీ తగవు మళ్లీ మన చేతికే వచ్చింది. రెండు పోగులు, ఒకటి మాట్లాడేది, ఒకటి వినేది. గాజు తనంతట తాను తారుమారు చేసుకోదు. ఫైబర్ లింకు రాకపోతే చాలాసార్లు చేయాల్సింది ఒకటే: ఒక వైపు రెండు ప్లగ్గులూ తీసి ఒకదాని చోట ఒకటి పెట్టడం. ఆ పని చేసేటప్పుడు ప్లగ్గు లోపలికి కన్ను పెట్టి చూడకండి. అందులో పోయేది 1310 నానోమీటర్ల కాంతి, మన కంటికి కనబడదు; కనబడలేదంటే లేదని కాదు.

మన ఇళ్లకు వస్తున్న ఫైబర్‌లో అయితే పోగు ఒక్కటే. ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఫైబర్ కరెంటు స్తంభాల మీదుగా లాగింది, తెలంగాణలో టీ-ఫైబర్‌ని మిషన్ భగీరథ పైపుల కోసం తవ్విన కందకాల్లో వేశారు. ఇళ్లకు చేరే ఈ ఒంటి పోగులో నోరూ చెవీ వేరుపడేది రంగుతో. బాగా వాడుకలో ఉన్న పద్ధతిలో ఇంటికి వచ్చే మాట 1490 నానోమీటర్ల కాంతిలో, ఇంటి నుంచి పోయేది 1310లో. వీధి చివర ఒక చిన్న పెట్టెలో ఆ పోగు కరెంటు లేకుండానే చీలి, 32 ఇళ్లకో 64 ఇళ్లకో పోతుంది. అంటే మెట్‌కాఫ్ నాటి లాగే మళ్లీ అందరూ ఒకే తీగ మీద ఉన్నారు. ఈసారి పందెం లేదు. అవతలి చివర ఉన్న యంత్రం ప్రతి ఇంటికీ వెలుగు వెళ్లి రావడానికి పట్టే కాలాన్ని ముందే కొలిచి పెట్టుకుంటుంది. దగ్గరి ఇంటిని కాస్త ఆగమంటుంది, దూరపు ఇంటిని ముందే మొదలుపెట్టమంటుంది. ఒక ఇంటి మాట ముగిసిన వెంటనే, మైక్రోసెకను కూడా నిండకుండానే, పక్క ఇంటి మాట వచ్చి ఆ పోగులో దాని వెనకే చేరుతుంది.